తుడిచేసిన అగ్నిపర్వతం

విశాఖపట్నం పాత ఊళ్లో, బొగ్గు యార్డు గోడకి ఆనుకుని ఉన్న సందు. సాయంత్రం, వాన వెలిసింది. ఏడో తరగతి చదివే ఆశాజ్యోతి, వాళ్ల నానమ్మ వరహాలమ్మ వరండాలో మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవడం అని మర్యాదకి అనాలి గానీ, ఆ అరుపులు సందు చివరిదాకా వినపడుతున్నాయి.

"నా కొండని ఎవరు తుడిసీసేరు?"

"ఏ కొండే?"

"ఇదే నానమ్మా! ఈ స్టూలు మీద ఆరబెట్టిన కొండ!"

"ఓలమ్మ, అది కొండేటి? సీమల పుట్టనుకున్నాను."

"అంటే నువ్వే తుడిసేవు."

"తుడవక? నల్లగా దుమ్ము పట్టీసుంది. కుర్సీ తుడిసేను, సైకిలు సీటు తుడిసేను, తులిసికోట తుడిసేను, దాన్నీ తుడిసేను. ఎంత తెల్లగా వచ్చిందో సూడు."

"దానికి దుమ్ము పట్టలేదు నానమ్మా! నానే పట్టించేను!"

"దుమ్ము ఎవులైనా కోరి పట్టించుకుంటారేటే?"

"అది అగ్నిపర్వతం! రేపు స్కూల్లో సైన్సు ఎగ్జిబిషను. లోపల కూల్‌డ్రింకు సీసా, సుట్టూ పేపరు ముక్కలు, మైదా గంజి. పైన నల్లగా కనపడాలని దుమ్ము జల్లేను. అంటుకుంటాదని ఆరబెట్టేను."

"ఆరలేదే తల్లీ. తడిగుడ్డ అలా తగిలిందో లేదో, ఇలా వచ్చీసింది."

"అయ్యో, నా కొండ!"

"ఏడవకే. నీ ఏడుపు నాను సూడ్లేను."

"ఏడవట్లేదు. పర్లేదు, ఇంకా ఉంది. స్టూలు కింద పాలపొడి డబ్బాలో దాసేను."

"డబ్బాలోనా?"

"అవును. ఏది డబ్బా? నానమ్మా, డబ్బా ఏది?"

"డబ్బా బాగుందని కడిగి బోర్లించేను. పోపుగింజలకి పనికొత్తాదని."

"అందులో దుమ్ము?"

"కాలవలో పోసేను."

"నానమ్మా! వారం రోజులు పోగేసేను! కిటికీ మీద, టీవీ ఎనక, ఫ్యాను రెక్కల మీద. నువ్వు గుడ్డ అట్టుకోకముందే లేసి, పోస్టుకార్డుతో గీకి!"

"అందుకా ఈ వారం కిటికీలు అంత సుబ్బరంగా ఉంటన్నాయి! యార్డోళ్ళకి బుద్దొచ్చిందేమో అనుకున్నాను నాను."

"నవ్వకు!"

"నవ్వట్లేదే. మీ అమ్మ ఉండుంటే ఒక మాట సెప్పుండును, ఇది ముట్టుకోకు అత్తా అని. అదేమో పెందుర్తిలో సెల్లి పురుడని ఎల్లి కూకుంది. పోనీ మేడ మీద సూడు, ఏటైనా దొరుకుద్దేమో."

"సూసేను. మద్దేనం వాన పడ్డాది కదా, అంతా కడిగీసింది. పక్కింటోళ్ళ గోడ మీద కూడా నేదు."

"మాయదారి దుమ్ము. ఒద్దు మొర్రో అంటే ఇడ్లీ పిండిలో కూడా పడతాది. కావాలన్న రోజు సిటికెడు నేదు."

గేటు చప్పుడైంది. యార్డులో కాంట్రాక్టు పని చేసే కొండలరావు డ్యూటీ దిగి వచ్చాడు.

"ఒరే కొండలూ, ఆడే ఆగు! మెట్టెక్కకు! బకీటు నిండతంది, స్నానం సేసి లోపలికి రా."

"ఒక్క నిమిషం కూకోనీయమ్మా. నడుం పడిపోయింది."

"మెట్టు మీద కూకోకురా, ఇప్పుడే తుడిసేను! కూకున్నాడు. సూడు, మెట్టు మీద మచ్చ పడిపోయింది. ఇంత వానొచ్చినా నీకీ నలుపేట్రా?"

"బొగ్గు మోసే బెల్టు కింద పని నాకు. ఆడ వానెక్కడిది? ఏటి, మా జోతి గుంట మొకం అలాగుంది?"

"నానమ్మ నా అగ్నిపర్వతం తుడిసీసింది నాన్నా. నలుపంతా పోయింది."

"పోయిందా? పోన్లే, మంచిదే అయ్యింది."

"మంచిదా?"

"అంటే, అది కాదు. నలుపు ఏటి బాగుంటాది? బ్రౌను రంగెయ్యి. కొండలు బ్రౌనుగా కదా ఉంటాయి. డాల్ఫిన్స్ నోస్ సూడు, కైలాసగిరి సూడు."

"నిన్న నువ్వే బాగుందన్నావు. అచ్చం నిజం కొండలాగుందన్నావు."

"నిన్న సీకట్లో సరిగ్గా సూడ్లేదు. ఇదిగో, రంగు డబ్బా కూడా తెచ్చేను. బ్రెష్షు నేదు, పాత టూత్‌బ్రెష్షు సాలుతాది."

"నాన్నా."

"ఏటమ్మా?"

"నానమ్మ తుడిసిందని నీకు ఇప్పుడే కదా సెప్పేను?"

"అవును."

"మరి రంగు డబ్బా ఎప్పుడు కొన్నావు?"

"ఒరే, పిల్ల అడుగుతంది. సెప్పు."

"నువ్వుండమ్మా. దార్లో కనపడింది, కొన్నాను. పిల్లకి రంగు డబ్బా కొనడం కూడా తప్పేటి?"

"అడక్కుండా నువ్వు నాకెప్పుడూ ఏదీ కొనలేదు నాన్నా. అడిగినా రెండోసారికే కొంటావు."

"అబ్బ, ఫోను మోగుతంది. నా సేతులు నల్లగున్నాయి, జేబులోంచి తీసి స్పీకరెట్టు. ఎవులు?"

"మా సైన్సు మాస్టారు. శ్రీరామ్మూర్తి మాస్టారు."

"స్పీకరెట్టకు. ఇటివ్వు, ఇటివ్వు..."

"ఎట్టీసేను."

"హలో, కొండలరావు గారాండీ? శ్రీరామ్మూర్తినండి. రంగు సంగతి ఏమైందండీ?"

"తెచ్చేనండి మాస్టారూ."

"హమ్మయ్య. ఎందుకో పాపకి చెప్పారా?"

"నేదండి."

"చెప్పకండి. చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకండీ."

"మాస్టారూ, నాను వింటన్నానండి."

"ఓహో. ఏమ్మా ఆశాజ్యోతీ, బాగున్నావా?"

"పొద్దున క్లాసులో సూసేరు కదండీ."

"చూశాను, చూశాను. అదేం లేదమ్మా, నీ మోడలు బ్రహ్మాండంగా ఉంది. కాస్త రంగు మారిస్తే ఇంకా బాగుంటుందని."

"నిన్న రాత్రి ఫోటో పంపితే రంగే బాగుందన్నారండి. ఇలాంటి ఆలోచన ఎవరికీ రాలేదన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ రేపు ముఖ్య అతిథి ఎవరో ఇవాళే తెలిసిందమ్మా. యార్డు మేనేజరు గారు. మన ల్యాబులో ఫ్యాన్లు, బెంచీలు వాళ్లు ఇచ్చినవే."

"అయితే ఏటండి?"

"అయితే ఏముంది. నీ చార్టు మీద ఏం రాశావో ఒకసారి చదువు."

"'అగ్నిపర్వతం పేలినప్పుడు దగ్గరి ఊళ్ళ మీద బూడిద పడుతుంది. మా ఇంటి మీద రోజూ బొగ్గు దుమ్ము పడుతుంది. ఈ కొండకి వాడింది ఆ దుమ్మే.'"

"అదీ. ఆ మూడో వాక్యం తీసెయ్. రెండోది కూడా తీసెయ్."

"మొదటిది?"

"మొదటిది ఉండనీ, అది పుస్తకంలో ఉంది."

"నాను రాసిందాన్లో అబద్ధం ఉందాండి?"

"లేదమ్మా. ఉంటే బాధే లేదు, దిద్దేవాణ్ని. కొండలరావు గారూ, ప్రతి మోడలు పక్కనా పిల్లల పేరు, తండ్రి పేరు పెడతామండి. ఆయన ఒక్కొక్కటీ ఆగి చదువుతారు. నా గురించి కాదండి నేను చెప్పేది, మీ గురించి. ఉంటానండి."

"అలాగేనండి మాస్టారూ. అలాగే."

"అలాగే ఏటి నాన్నా?"

"ఇన్నావు కదా. రంగెయ్యి."

"ఎయ్యను."

"జోతీ."

"ఎయ్యను. తెల్లగా అయినా తీసుకెళ్తాను గానీ బ్రౌను ఎయ్యను. చార్టు మార్చను."

"అయితే పేరు తీసీ. నా పేరు తీసీ. తండ్రి పేరు దగ్గర ఖాళీ ఒదిలీ."

"నాకు తండ్రి నేడా?"

"ఓసి నీ నోటికి..."

"ఒరే, పిల్ల మీద సెయ్యెత్తకు! ముందు ఎల్లి స్నానం సెయ్. నీళ్ళు పొర్లిపోతన్నాయి."

"సెయ్యెత్తలేదమ్మా, సెమట తుడుసుకున్నాను. దానికి నువ్వైనా సెప్పు. పిల్ల కాకికేటి తెలుసు ఉండేలు దెబ్బ."

"నాకూ తెలీదు. ఏటి దెబ్బ? సెప్పు."

"మా షిఫ్టులో ఇద్దరు మాస్కులు కావాలని అడిగేరు. గట్టిగా కూడా కాదు, దండం ఎట్టి అడిగేరు. మర్నాడు గేటు దగ్గర ఆళ్ళ పాసులు పన్చెయ్యనేదు. ఎవుడూ తిట్లేదు, ఎవుడూ కొట్లేదు. పాసు పన్చెయ్యనేదు, అంతే. ఆ గోడ పక్కన పొద్దుటేల నిలబడి సాయంత్రం ఇంటికెళ్ళిపోయేరు. ఈ దుమ్ము ఎవుళ్ళదో రాసి, ఈ పిల్ల రేపు అందరి ముందూ బోర్డు కట్టుకుని నిలబడితే, కింద నా పేరుంటే, ఎల్లుండి నా పాసు పన్చేత్తాదేటి?"

"నాకు నువ్వెప్పుడూ ఇది సెప్పలేదు."

"సెప్తే నిద్దరోతావేటి?"

"నాన్నా, నాను యార్డోళ్ళని తిట్టలేదు. ఎక్కడిదో రాసేను, అంతే."

"ఎక్కడిదో రాస్తేనే కదే గొడవ! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి. ఈ సందులో ఇన్ని కొంపలున్నాయి, ఎవులైనా నోరెత్తేరా?"

"ఎత్తేరు. ఎవులో కంప్లయింటు సేత్తే పొల్యూషను ఆఫీసరొచ్చేడని అమ్మ సెప్పింది."

"వచ్చేడు. వచ్చి ఏటి సేసేడు? మనింటికే వచ్చేడు. కుర్సీలో కూకున్నాడు, కాఫీ తాగేడు, ఈ గోడా ఆ గోడా సూసేడు. 'సుబ్బరంగానే ఉంది కదమ్మా ఇల్లు' అని రాసుకుని ఎల్లిపోయేడు."

"ఎందుకు సుబ్బరంగా ఉంది?"

"మీ నానమ్మనడుగు."

"నన్నేటడుగుతారు? ఇంటికి ఆఫీసరొత్తన్నాడంటే తుడుసుకోనేటి? తెల్లారగట్ట లేసి, గోడలు దులిపి, కర్టెన్లు ఉతికి, గడపకి పసుపు రాసేను. మసి కొంపలో కూకోబెడితే మర్యాదా?"

"అప్పుడూ నువ్వే తుడిసీసేవా నానమ్మా?"

"మీ నానమ్మొక్కర్తే కాదు, ఈ సందులో అందరూ అంతేనే. ఆయనొత్తన్నాడని తెలిసి సందు మొత్తం కడిగి ముగ్గులెట్టేరు. దుమ్మెక్కడుందీ అంటే ఎవులి దగ్గరా నేదు."

"నవ్వొత్తంది నాన్నా. కానీ కోపం కూడా వత్తంది."

"అలా కూకుని కోపాలెందుకు గానీ, అసలిది ఏటి సేత్తాదే? దీన్ని నాను తుడిసినందుకు ఇంత గొడవ. సూపించు."

"సూపిస్తాను. వంటసోడా సీసాలో ఏసేను. ఇప్పుడు పులుపు పోయాలి. మాస్టారు వెనిగరన్నారు, మనింట్లో నేదు కదా. ఇదిగో, ఈ గిన్నెలో..."

"అది నా సేపల పులుసుకి నానబెట్టిన సింతపండే!"

"ఏ పులుపైనా సాలు. కుంకం కలిపేను. జరగండి. పోస్తన్నాను."

"ఓలప్పో! ఓలప్పో, పొంగిపోతందే! ఒరే కొండలూ, సూడ్రా, బుసబుసా ఎలాగొత్తందో!"

"సూత్తన్నానమ్మా."

"ఎర్రగా జారతంది. ఆ అంచంట సూడు. భలే సేసింది గుంట!"

"భలేగా నేదు నానమ్మా. అన్నం గిన్నె పొంగినట్టుంది. నలుపు మీద జారితే కదా నిప్పులాగుంటాది. తెల్లగా ఉంటే ఇది సింతపండు రసం, అంతే."

"అవునే. నిజమే. ఆ నలుపుండాలి."

"అమ్మా, నువ్వు కూడానా?"

"నాను కూడానే. ఈ ఇంటికి కాపరానికొచ్చిన కాణ్ణించీ తుడుస్తన్నాన్రా. మూడు పూటలా. పండక్కీ తుడిసేను, జొరమొచ్చినా తుడిసేను, నీ పురుటికి నొప్పులొత్తన్నా కిటికీ తుడిసే ఎల్లేను. నాను తుడిసిందెంతో ఎవుడికైనా తెలుసా? తుడిసీత్తే ఉండదు కదా! మన జోతి ఒక్క కొండకి పట్టించింది, ఇదీ మా నానమ్మ తుడిసే దుమ్మని. అది కూడా నాను తుడిసీసేను. నాకు మండిపోతంది."

"మేనేజరు గారికి కోపమొత్తాదమ్మా."

"ఎందుకొత్తాది? పిల్ల ఆయన పేరు రాసిందా? యార్డు పేరు రాసిందా? మా ఇంటి మీద పడతందని రాసింది. గుమ్మడికాయ దొంగంటే బుజాలు తడుముకున్నట్టు, నల్ల కొండ సూత్తే ఆయనకెందుకు కోపం?"

"నీకు సెప్పలేనమ్మా నాను."

"సెప్పకు. స్నానం సెయ్. జోతీ, ఈ పూట నాను గుడ్డ ముట్టుకోను. రేపూ ముట్టుకోను. తెల్లారేసరికి కిటికీ మీద ఎంత పడితే అంత తీసుకో."

"పొద్దున్నే ఇచ్చీయాలి నానమ్మా. ఒక్క రాత్రిది కొండ కొసకి కూడా సాలదు. పర్లేదు. తెల్లగానే తీసుకెళ్తాను. చార్టు మాత్రం అదే."

"ఇంత పంతం ఎందుకే నీకు? ఫస్టు ప్రైజు కోసమా?"

"ప్రైజు నాకొద్దు నాన్నా."

"మరి?"

"క్లాసులో పాఠం సెప్తా, మీలో ఎవరైనా ఊరి మీద బూడిద పడ్డం చూశారా అని మాస్టారు అడిగేరు. నాను సెయ్యెత్తేను."

"నువ్వెక్కడ సూసేవు?"

"ఇక్కడే. రోజూ. లేసి నిలబడి సెప్పేను. మా ఇంటి మీద పడతాదండి, నల్లగా, తినే కంచం మీద కూడా పడతాదండి అని. అందరూ నవ్వేరు. అది బొగ్గే, అగ్నిపర్వతం కాదన్నారు. మాస్టారు కూర్చోమన్నారు. ఇంకోడు..."

"ఇంకోడు ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు."

"జోతీ. సెప్పు."

"సాయిశంకర్ అన్నాడు. బూడిద కాదురా, ఈ జోతీ ఆళ్ళ నాన్న రోడ్డు మీద నడిసొచ్చాడు, అంతే అన్నాడు. ఆళ్ళ నాన్న ఒళ్ళు దులుపుకుంటే ఊరంతా నల్లబడతాదన్నాడు."

"నువ్వేటి సేసేవు?"

"కొట్టేను."

"ఎక్కడ?"

"ఈపు మీద. స్కేలు ఇరిగిపోయింది. మాస్టారు నన్ను బైట నిలబెట్టేరు."

"అందుకేనా ఆరోజు స్కేలు పోయిందని కొత్తది కొనిపించుకున్నావు?"

"ఊఁ. నాన్నా, నువ్వు మా స్కూలుకొత్తే గేటు బైట ఆ కిళ్ళీ బడ్డీ ఎనక నిలబడతావు. డ్యూటీ డ్రస్సుతో రావద్దని నానెప్పుడైనా అన్నానా?"

"నేదు."

"మరెందుకు ఎనక నిలబడతావు?"

"నిన్నెవులైనా ఏదైనా అంటారని."

"అన్నారు కదా. నువ్వు ఎనక నిలబడినా అన్నారు. అందుకే ఆ దుమ్ము ఎక్కడిదో రాసేను. మా నాన్నది కాదని."

"ఒరే కొండలూ. ఎక్కడికిరా? మాట్లాడకుండా లేసి ఎల్లిపోతావేటి? గుంట మీద కోపమా?"

"కుళాయి దగ్గరికమ్మా."

"పోనీ అదైనా సెయ్. సబ్బు గూట్లో ఉంది. జోతీ, ఏడవకే. సింతపండు మళ్ళీ నానేస్తాను, ఇంకోసారి పొంగిద్దాం. నీ నాన్న మాటకేటి, ఆడిది భయం. నీ మీద కోపం కాదు."

"తెలుసు నానమ్మా."

"ఏటిది, నీళ్ళ సప్పుడు ఆగిపోయింది? ఒరే, అప్పుడే సేసీసేవా స్నానం?"

"నేదు. కుళాయి కట్టీసేను."

"కట్టీడమేటి? ఆ మసితో లోపలికొత్తావేటి? మెట్టెక్కకు!"

"ఎక్కను, ఇక్కడే నిలబడతాను. జోతీ, పాత పేపరొకటి తెచ్చి ఈ మెట్టు మీద ఎయ్యి. కొండకి మైదా గంజి మళ్ళీ రాయి."

"ఎందుకు నాన్నా?"

"నా సొక్కా దులుపు. కాలరు కింద, జేబుల్లో ఎక్కువుంటాది, ఆడ గట్టిగా దులుపు. రేపు పొద్దున ఇదే సొక్కాతో స్కూలుకొత్తాను. ఈ దుమ్మెక్కడిదని మేనేజరు గారు అడిగితే నన్ను సూపించు, నీ పక్కనే నిలబడుంటాను."